చెవిలో మాట

"ఎదురు చెప్పవోయ్," అన్నాడాయన, గడ్డం నిండా సబ్బు నురగతో స్నానాల గది తలుపులోంచి తల బయటికి పెట్టి.

నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మంచం నిండా దుప్పట్లు, తువ్వాళ్ళు, వాటి మధ్యలో ఆ రోజు తీయబోయే సీను కాగితాలు. మా ఇంట్లో ఎదురు చెప్పడమంటే ఆయనవి కాక మిగతా పాత్రల మాటలన్నీ నేను చదవడం. పెళ్ళైనప్పటి నుంచీ అంతే. ఒక దుప్పటి మడతేసేలోపు విలన్‌నవుతాను, ఇంకో దుప్పటికి ఆయన్ని కన్నతల్లినవుతాను, దిండు గలేబులు తొడుగుతూ ఆయనతో ప్రేమలో పడతాను. ఎన్ని సినిమాల్లో ఎంతమంది హీరోయిన్లు ఆయన కోసం ఏడ్చారో, అందరికంటే ముందు నేను చేతిలో తడిబట్టతో ఏడ్చాను. "మొగుడికి ఎదురు చెప్పినందుకు మెప్పు పొందేది నువ్వొక్కదానివేనే అక్కా," అని మా చెల్లెలు ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆయన్ని మీరు ఎరుగుదురు. వీధిలో కారు అద్దం దించితే జనం గుమిగూడే మనిషి. తల కాస్త వెనక్కి ఎగరేసి నవ్వడం, కోపం వచ్చినప్పుడు గొంతు పెంచకుండా బాగా తగ్గించి మాట్లాడడం, ఇవి అద్దం ముందు అనుకరించి చూసుకోని కాలేజీ కుర్రాడు ఒక తరంలో లేడు. గొంతు తగ్గించడం మాత్రం మా నాటక సమాజంలో నేను చేసేదాన్ని. గొప్పకు చెప్పుకోవడం కాదు, అప్పట్లో నాటకాలు చూసినవాళ్ళు ఎవరైనా ఆ మాటే చెబుతారు. నేను హీరోయిన్ వేషాలు వేసేదాన్ని, ఆయన ప్రాంప్టర్. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరైనా మాట మరిచిపోతే ప్రేక్షకులకు వినబడకుండా అందించేవాడు. నాకు అందించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. "నువ్వు స్టేజీ మీద ఉన్నంతసేపూ నేను కాగితం మూసేసి హాయిగా నాటకం చూస్తాను," అన్నాడు ఒకసారి, నా కళ్ళలోకి చూడకుండా. ఆ మాటకే ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను. ఇప్పటికీ నాకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

ఒక సినిమా దర్శకుడు నన్ను చూద్దామని మా నాటకానికి వచ్చిన రోజే మా హీరోకి జ్వరం తగులుకుంది. నాటకమంతా కంఠతా వచ్చినవాడు ప్రాంప్టర్ ఒక్కడే కాబట్టి ఆయన ముఖానికి రంగు పూశారు. ఆ దర్శకుడు ఇద్దరినీ రమ్మన్నాడు. నాకు అప్పుడు కడుపులో మా అమ్మాయి. "ముందు నేను వెళ్ళి ఎలా ఉంటుందో చూసొస్తాను, నువ్వు తర్వాత వద్దువుగాని," అన్నాడాయన. మా అత్తగారు నవ్వుతూ, "ఒక ఇంట్లో ఒక్కరు ముఖానికి రంగేసుకుంటే చాలమ్మా. ఆ రంగంటిన చొక్కాలు ఉతకడానికి రెండోవాళ్ళు ఉండాలి కదా," అంది. ఆవిడ వేళాకోళానికే అంది. నేను మాత్రం ఆ చొక్కాలు నిజంగానే ఉతికాను. చొక్కా కాలరుకు అంటిన మేకప్పు మామూలు సబ్బుకు వదలదు, ముందు నూనె రాసి నానబెట్టాలి. ఎవరూ నేర్పలేదు, అదే తెలిసింది.

ఆయన వెళ్ళాడు, నిలబడ్డాడు, పైకి వచ్చాడు. హీరో అయ్యాడు, కొన్నేళ్ళు వరసగా దెబ్బతిన్నాడు, ఇక పని అయిపోయిందని పత్రికలు రాశాక దర్శకుడై మళ్ళీ లేచాడు. ఆయన తీసినవన్నీ ఆడవాళ్ళ కథలే. స్త్రీ హృదయం ఇంతగా తెలిసిన మగవాడు లేడని సభల్లో శాలువాలు కప్పారు. శాలువాలు బీరువాలో నాలుగు అరలు నిండాయి, పురుగు పట్టకుండా ఏటా ఎండబెట్టేది నేనే. మా నాన్న పోయినప్పుడు వంటింట్లో నేల మీద కూలబడి ఏడుస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. దగ్గరికి వస్తాడనుకున్నాను. ఆ తర్వాతి సినిమాలో హీరోయిన్ సరిగ్గా అలాగే, ఒక చెయ్యి గిన్నె మీద ఉంచి ఏడ్చింది. దానికి ఆ అమ్మాయికి అవార్డు వచ్చింది. నాకు కోపం రాలేదు. కోపం రావాలని కూడా తోచలేదు. నేనెప్పుడైనా ముభావంగా ఉంటే ఆయన అడిగేది ఒకే ప్రశ్న: "నీకేం తక్కువ చేశాను చెప్పు?" ఆ ప్రశ్నకు నేను ఇల్లంతా ఒకసారి చూసుకునేదాన్ని. కార్లు, పనివాళ్ళు, చల్లటి గదులు. ఏం తక్కువైందో నాకే తెలియక సిగ్గుపడి లేచి కాఫీ పెట్టేదాన్ని.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ళుగా ఆయనకు మాటలు నిలవడం లేదు. ఫ్రేమ్ ఎక్కడ పెట్టాలో, లైటు ఎటు నుంచి పడాలో, ఎదుటి నటుడు ఎక్కడ తప్పు చేశాడో అన్నీ గుప్పిట్లో ఉంటాయి. తన డైలాగు మాత్రం నాలుక దాకా వచ్చి జారిపోతుంది. డాక్టరు పరీక్షలు చేసి, ఇది మొదటి మెట్టు, మందులతో కొంతకాలం ఆపవచ్చు, కంగారు పెట్టకండి, ఆయన్ని అయోమయంలో పడేసే పని ఏదీ చేయకండి అన్నాడు. ఆఖరి మాట నన్ను చూసి చెప్పాడు. పాత రోజుల్లో అయితే అసిస్టెంటు కెమెరా పక్కన నిలబడి గట్టిగా డైలాగు చదివేవాడు, నటుడు విని అనేవాడు, గొంతు తర్వాత డబ్బింగులో కలిపేవారు. ఇప్పుడు షూటింగులోనే సౌండ్ పట్టేస్తున్నారు, చీమ చిటుక్కుమన్నా పడుతుంది. అందుకని ఆయన చెవిలో కందిగింజంత యంత్రం ఒకటి పెట్టారు. సెట్టు వెనక చెక్కలతో కట్టిన చిన్న గదిలో ఒక తెర, ఒక మైకు, ఒక కుర్చీ. కుర్చీలో నేను. నేను మెల్లగా చెబితే ఆయన చెవిలో పడుతుంది, ఆయన అంటాడు.

ఇది తెలిసింది మా ఇద్దరికీ, సౌండ్ చూసే అమ్మాయికీ మాత్రమే. ఎవరో చెవిలో యంత్రం చూసి ఆయనకు చెవుడు వచ్చిందని పుకారు పుట్టిస్తే ఆయన సంబరపడ్డాడు. "చెవుడైతే ఫరవాలేదోయ్. హీరోకి చెవుడు రావచ్చు, మతిమరుపు రాకూడదు," అన్నాడు. ఆయనలో నాకు నచ్చేది ఇదే, ఎంత కష్టంలోనైనా ఒక మంచి డైలాగు దొరికితే తేలికపడతాడు. నాకూ ఆ గది నచ్చింది, దాచడం ఎందుకు. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను ఒక సెట్టులో ఉన్నాను. చెక్క గోడ వెనకే అయినా, షాట్‌కి ముందు ఆ నిశ్శబ్దం పడగానే నేను కుర్చీ అంచుకు జరిగి కూర్చునేదాన్ని.

ఇప్పుడు తీస్తున్న సినిమాలో ఆయన ముసలి భర్త. పెళ్ళైన నలభై ఏళ్ళకు భార్య ఇల్లు వదిలి చెల్లెలింటికి వెళ్ళిపోతుంది. భార్య వేషం మా నాటక సమాజంలో నా వెనక చెలికత్తెగా నిలబడ్డ అమ్మాయిదే. ఇప్పుడామె పెద్ద నటి, అయినా నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఆ రోజు తీసే సీనులో భర్త ఆమెను తీసుకువెళ్ళడానికి వస్తాడు. గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "నీకేం తక్కువ చేశాను చెప్పు?" అంటాడు. ఆమె తల దించుకుని చెప్పులేసుకుని వెంట నడుస్తుంది. రచయితకు ఆ మాట కూర్చోబెట్టి చెప్పి రాయించింది ఆయనే. పొద్దున బట్టలు మడతపెడుతూ చదువుతుంటే ఆ మాట దాకా రాకముందే కారు వచ్చేసింది కాబట్టి అది నా కంట పడలేదు. సెట్టులో, మైకు ముందు, కాగితం మీద మొదటిసారి చూశాను.

యాక్షన్ అన్నారు. ఆయన గుమ్మంలోకి వచ్చి ఆగాడు. నాకు తెరలో ఆయన ముఖం నిండుగా కనబడుతోంది. మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపు తెర మీద ఎంతో బాధలా కనబడుతుంది, అది కూడా ఆయన కనిపెట్టిన కిటుకే. నేను నోరు తెరిచాను. "నీకేం" దగ్గర ఆగిపోయాను. నా నోటితో ఆ మాట ఆయనకు అందించి, ఆయన చేత ఇంకో ఆడదాన్ని అడిగించలేకపోయాను. ఆయన ఇంకా చూస్తున్నాడు. కెమెరా తిరుగుతోంది. కాగితం పక్కన పెట్టాను. ఏం చేస్తున్నానో తెలిసే లోపు చెప్పేశాను: "నీ బతుకంతా నా వెనకాలే అయిపోయింది. చూస్తూ కూడా ఊరుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."

ఆయన అన్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఎంతో మెల్లగా, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, అదంతా అన్నాడు. ఎదురుగా ఉన్న నటి తల దించుకోవాల్సింది మరిచిపోయి ఆయన ముఖంలోకి అలాగే చూసి, భోరుమని ఏడ్చింది. ఎవరూ కట్ చెప్పలేదు, ఎందుకంటే కట్ చెప్పాల్సినవాడు ఆయనే. తర్వాత ఒకటే చప్పట్లు. లైట్లు మోసేవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నిర్మాత పరుగున వచ్చి వాటేసుకున్నాడు. నేను చెక్క గదిలో మైకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, ఇంకేదైనా నోరుజారుతానేమోనని.

అప్పుడు నాకు కలిగింది సంతోషమే. ఆ సంగతి ఒప్పుకోకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళకు ఆయన గొంతులో ఆ మాట విన్నాను. వేరే ఆడదానికి చెప్పాడు, నేను చెప్పమంటే చెప్పాడు, అయినా విన్నాను. ఆ సంతోషం ఆయన వేషం విప్పి మేము కారు ఎక్కేదాకా ఉంది. కారులో ఆయన సీటుకు జారగిలబడి ఏదో పాట కూనిరాగం తీస్తూ, "నా మాత్ర తెచ్చావా?" అని అడిగాడు. మాత్ర తీసి అరచేతిలో పెట్టాను. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను. చిన్నపిల్లాడిలా గుటకేసి సీసా నాకిచ్చేశాడు. అంతే, నా లోపల ఏదో కుంగిపోయింది. ఈ మనిషికి మాటలు నిలవవు. నేను ఏది చెబితే అది రాసి ఉన్నదనే నమ్ముతాడు. ఆయన తన బలహీనతను నా చేతుల్లో పెడితే నేను దాన్ని వాడుకున్నాను. చూపు లేనివాడిని చెయ్యి పట్టుకుని దారి దాటిస్తానని చెప్పి నాకు కావలసిన ఇంటికి తీసుకుపోయినట్టు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. తప్పు చేసినవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు గాని నేను మాత్రం ఇంటి పని చేశాను. ఇస్త్రీకి పంపాల్సిన చొక్కాలు నేనే చేశాను. ఆయన చెప్పులు తుడిచాను. ఆయనకిష్టమైనవన్నీ వరసబెట్టి వండుతుంటే వంటమనిషి, "ఏంటమ్మగారూ, నన్ను మానిపించేస్తారా?" అని బిక్కముఖం పెట్టింది. కాలి గోళ్ళు కూడా తీశాను. ఆయన వార్తలు చూస్తూ కాలు నా ఒళ్ళో పెట్టి, "ఈమధ్య నామీద ప్రేమ పొంగిపోతోందే," అన్నాడు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. "ఏమండీ, మొన్నటి సీను..." అన్నాను. "ఆ, సీను అంటే గుర్తొచ్చింది, నా నీలం చొక్కా ఏదీ?" అన్నాడు. నేను లేచి నీలం చొక్కా తెచ్చాను. మళ్ళీ ఇంకోసారి ఎత్తుకుంటే ఫోన్ మోగింది. నిజానికి ఫోన్ మోగినందుకు నేనే ఎక్కువ సంతోషించాను.

మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది. దాని చెవిన కూడా పడింది. "అమ్మా, నాన్న ఆ సీను చేస్తుంటే యూనిట్ అంతా ఏడ్చారట కదా? స్క్రిప్టులో లేని మాట అట కదా?" అని ఫోన్ చేసింది. దానికి వాళ్ళ నాన్న మీద పాత కోపం ఒకటుంది, చిన్నప్పుడు స్కూల్లో నాటకం వేస్తే ఆయన రాలేదని కాదు, నేను రిహార్సల్ చేయిస్తుంటే చూసి, "మీ అమ్మకు స్టేజీ యావ తగ్గలేదు," అన్నాడని. అందుకే దాని గొంతులో ఆశ వినబడింది. "నాన్న మారాడేమోనే అమ్మా. నీకు కూడా చెప్పాడా, సారీ?"

"చెప్పాడే," అన్నాను.

"నిజంగానా? ఏమన్నాడు?"

"అదే. తప్పు నాదన్నాడు."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం. ఆయన్ని మోసం చేసింది చాలక కూతుర్ని కూడా మోసం చేశాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

మర్నాడు సెట్టులో పెద్ద నటి నన్ను తన గదిలోకి లాక్కుపోయింది. అద్దం ముందు జుట్టు విప్పుకుంటూ, "అక్కా, ఆయన పక్కన ఎన్ని సినిమాలు చేశానో లెక్కలేదు. హీరో క్షమించమని అడగడం ఒక్కదాన్లో లేదు. ఓసారి రైటర్ రాసుకొస్తే కొట్టేయించాడు, 'నేను చేతులు జోడిస్తే హాల్లో ఈలలు ఆగిపోతాయి' అని. అలాంటివాడు మొన్న..." అని ఆగి, అద్దంలోంచి నన్ను చూసింది. "ఆ మాట నా పాత్రకు చెప్పినట్టు లేదక్కా. నేను ఎవరి బదులో నిలబడ్డట్టు అనిపించింది."

"ఆయన్నే అడగలేకపోయావా?"

"అడిగాను. 'ఏమో, లోపల్నుంచి అలా వచ్చేసింది' అన్నాడు."

ఆ మాటతో నా పని అయిపోయింది. అబద్ధమాడుతున్నాడని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పాపం, నిజంగానే లోపల్నుంచి వచ్చిందనుకుంటున్నాడు. ఆయన బుర్రలో ఖాళీ పడుతున్న చోట నేను దొంగతనంగా నా సామాను పెట్టేశాను. అయోమయంలో పడేసే పని చేయకండి అని డాక్టరు నన్ను చూసి చెప్పిన మాట చెవిలో గింగురుమంది. ఇక లాభం లేదు, ఆ ముక్క తీయించేసి, రాసిందే మళ్ళీ షూట్ చేయించి, ఆయన కాళ్ళ మీద పడైనా చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. చెప్పాక నన్ను ఆ గదిలో కూర్చోనివ్వడు. ఇంకెవరినైనా పెట్టుకుంటాడు. ముప్పై ఏళ్ళ నమ్మకం పోతుంది. పోతే పోనీ అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ సౌండ్ అమ్మాయి గదికి వెళ్ళాను. ఆమె హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని లేచి నిలబడింది. వయసు మా అమ్మాయి కంటే తక్కువే, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

"గుమ్మం సీనులో ఒక పొరపాటు జరిగిందమ్మా. నా వల్ల," అన్నాను.

"తెలుసు మేడమ్," అంది. "మీరు మైకులో చెప్పేది విడిగా రికార్డవుతుంది. నేను అప్పుడే విన్నాను."

నా తల కొట్టేసినట్టయింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు మేడమ్. నేనెందుకు చెప్తాను?" అని కాస్త తటపటాయించి, "కాని సార్ విన్నారు," అంది.

"ఏమిటి?"

"మర్నాడే వచ్చారు. 'మేడమ్ గొంతు ఒక్కటే వేయి, నాది తీసెయ్' అన్నారు. మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా వచ్చారు. మీకు చెప్పొద్దన్నారు. నాకేమో చెప్పాలనిపించింది."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయనకు తెలుసు. ఆ మాట నాదని తెలుసు. తెలిసి, కోప్పడకుండా, నన్ను నిలదీయకుండా, ఒంటరిగా వచ్చి, కళ్ళు మూసుకుని, నా గొంతు వింటున్నాడు. "నీ బతుకంతా నా వెనకాలే అయిపోయింది" అని నేనంటుంటే మళ్ళీ మళ్ళీ వింటున్నాడు. నేను ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని చెప్పలేనిది, ఆయన విననిది, ఇప్పుడు చీకటి గదిలో వింటున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆ అమ్మాయి నీళ్ళ గ్లాసు ఇచ్చి తల పక్కకు తిప్పుకుంది. ఇంతకాలం ఆయన్ని ఎంత తప్పుగా అనుకున్నానోనని ఇంకో తప్పు నా నెత్తిన వేసుకున్నాను. పాపం, ఎలా చెప్పాలో తెలియక తిరుగుతున్నాడు, నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను.

ఆ రోజు షూటింగు తొందరగా అయిపోయింది. ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఆయన వెనక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను రెండు కాఫీలు తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా ఆయనకు ఇచ్చి లోపలికి పోతాను. నేను కూర్చోవడం చూసి కాగితాలు పక్కన పెట్టాడు. కొత్త పెళ్ళికూతురిలా కొంగు సర్దుకున్నాను. 

"మీకు తెలుసట కదా," అన్నాను.

"ఏది?"

"గుమ్మం సీనులో మాట. నేను మార్చి చెప్పానని."

"ఓ, అదా!" అని తల వెనక్కి ఎగరేసి నవ్వాడు. "చెప్పేసిందా ఆ పిల్ల? తెలియకపోవడమేంటోయ్, రాయించింది నేనైతే. మాటలు గుర్తుండవు గాని, ఏది ఉందో ఏది లేదో ఆ మాత్రం తెలీదా? సగంలోనే తెలిసిపోయింది నీ మాటని."

"మరి ఆపలేదేం?"

"ఎందుకాపుతాను? అంత బాగుంటే!" ముందుకు వంగి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఎన్నాళ్ళకో నన్ను అంత శ్రద్ధగా చూస్తున్నాడు. "నువ్వొకటి చేశావు చూడు, 'తప్పు నాది' అన్నాక 'నన్ను' అనే ముందు చిన్న ఎడం ఇచ్చావు. ఊపిరి లోపలికి పోయి ఆగింది. అది నాకు రాలేదోయ్. నీ ట్రాక్ ఎన్నిసార్లు విన్నానో. ఆ ఎడం పట్టుకుంటే ఆ ఒక్క ముక్క స్టూడియోలో మళ్ళీ చెప్పి అతికించేస్తాను. హాల్లో ఒక్కడు ఏడవకుండా ఉంటే నన్నడుగు."

నేను కాఫీ కప్పు కింద పెట్టాను. "అందుకా విన్నారు?" అన్నాను.

"మరి?" అన్నాడు, నిజంగానే అర్థంకాక. తర్వాత కాగితాలు తీసుకుని, "ఇదిగో, క్లైమాక్స్ చప్పగా ఉంది. ఆ రచయిత వల్ల కావడం లేదు. అలాంటివే ఇంకో రెండు కావాలి. నీ దగ్గర ఉంటాయి కదా? నిదానంగా ఆలోచించి చెప్పు," అన్నాడు.

ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఆయనకేం తెలుసు. ఇన్నాళ్ళూ ఆయన్ని మోసం చేశానని నన్ను నేను కోసుకు తిన్నాను. ఆయన మాత్రం మోసపోలేదు. నాకు క్షమాపణ కావాలని తెలుసు, ఎవరి నోట కావాలో తెలుసు, అది విని, నచ్చి, సినిమాలో పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసినప్పుడు కూడా ఇంతే శ్రద్ధగా చూశాడు కాబోలు. నా లోపల ఇన్ని రోజులుగా బిగుసుకుపోయి ఉన్న తప్పు, పట్టు సడలి, ఎటు పోయిందో తెలియకుండా పోయింది. దాని చోటున కొంచెం భయం ఉంది. మాటలు మరిచిపోతున్న మనిషిని ఈ వయసులో ఇలా వదిలేస్తావా అని ఆ భయం అడుగుతూనే ఉంది. ఆయనకు మందులు ఇస్తాను, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తాను, చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. అది వేరు.

ఆయన చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు, షాట్‌కి ముందు కూర్చున్నట్టు.

"రేపటి నుంచి నీకు నేను మాట అందించను," అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆయన కళ్ళు సగం మూసుకున్నాడు. "రేపటి నుంచి నీకు నేను మాట అందించను," అని నెమ్మదిగా అని చూసుకున్నాడు. మళ్ళీ ఇంకాస్త గొంతు తగ్గించి, 'నేను' దగ్గర కొద్దిగా ఒత్తి అన్నాడు. తల ఊపాడు. "బాగుందోయ్. చాలా బాగుంది. ఇది భార్య అనాలి, కదూ? ఏ సీనులో?"

"ఇది డైలాగు కాదు," అన్నాను.

దాన్ని కూడా ఒకసారి పెదవులతో అనుకుని, తర్వాతి మాట కోసం నా వైపు చూశాడు. నేను ఇవ్వలేదు.